బ్రాకెట్లు లెక్కపెట్టించే చదువు చాలు
లిస్ప్ కుటుంబపు భాషలు నేర్పే అధ్యాపకులకు, శిక్షకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కృత్రిమ మేధ పేపర్‌లో ఒక అధ్యాయంగా లిస్ప్ చెప్పేవారు, స్కీమ్‌తోనో రాకెట్‌తోనో ప్రోగ్రామింగ్‌కి ఓనమాలు దిద్దించేవారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు క్లోజర్ నేర్పే పని నెత్తిన పడ్డ సీనియర్లు, ఆటోక్యాడ్ శిక్షణలో ఆటోలిస్ప్ రుచి చూపించేవారు... ఈ ఉత్తరం మీ అందరికీ. మీరు చెప్పే పాఠాలు వేరు. మీ దగ్గర చదువుకుని మా దగ్గరికి పనికి వచ్చిన పిల్లలు చెప్పే మాట మాత్రం ఒక్కటే: "భాష బాగానే ఉంటుంది సార్, ఆ బ్రాకెట్లే ప్రాణం తీస్తాయి."

ఆ మాటలో సగమే నిజం. ప్రాణం తీసేది బ్రాకెట్లు కాదు, వాటిని ఒక్కొక్కటిగా చేత్తో కొట్టించి వేలు పెట్టి లెక్కపెట్టించే పద్ధతి. దాన్ని మార్చడం మీ చేతుల్లో ఉంది. మొదటి ల్యాబ్‌లోనే, లిస్ట్ అంటే ఏమిటో చెప్పిన వెంటనే, కోడ్‌ను అక్షరాల వరుసగా కాక నిర్మాణంగా దిద్దడం నేర్పమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను. స్ట్రక్చరల్ ఎడిటింగ్ అని దాని పేరు. ఈమ్యాక్స్‌లో పార్‌ఎడిట్, వీఎస్ కోడ్‌లో కాల్వా, ఇంటెల్లిజేలో కర్సివ్, విమ్‌లో రెండు మూడు ప్లగిన్లు ఆ పని చేసిపెడతాయి. ఇది ఆరితేరినవాళ్ళ సోకు అనీ, భాష వచ్చాక తీరిగ్గా నేర్చుకోవచ్చు అనీ చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది తలకిందులు. ఆరితేరినవాడు ఇది లేకపోయినా ఎలాగో నెట్టుకొస్తాడు. కొత్తవాడు నెట్టుకురాలేడు.

అందరూ మొదట రాయించే ఫ్యాక్టోరియల్‌నే తీసుకుందాం. కీలక పదాలు తెలుగులోనే రాస్తున్నాను. రాకెట్‌లో రెండు చిన్న మాక్రోలు రాసి పెట్టుకుంటే ఇది ఉన్నదున్నట్టుగా నడుస్తుంది కూడా. ఈ కుటుంబపు భాషల్లో ఉన్న సుఖం అది.

(నిర్వచించు (ఫ్యాక్టోరియల్ సం)
  (అయితే (= సం 0)
      1
      (* సం (ఫ్యాక్టోరియల్ (- సం 1)))))

చివర అయిదు బ్రాకెట్లు. తీసివేతది ఒకటి, లోపలి ఫ్యాక్టోరియల్ పిలుపుది ఒకటి, గుణకారానిది ఒకటి, "అయితే"ది ఒకటి, "నిర్వచించు"ది ఒకటి. ఇప్పుడు విద్యార్థి రెండో వరుసలో సున్నా పక్కన ఉండాల్సిన బ్రాకెట్ మరిచిపోయాడనుకోండి. తప్పు రెండో వరుసలో ఉంది, ఎర్రర్ మాత్రం ఫైలు చివర వస్తుంది. ఫైలు అయిపోయింది గానీ తెరిచిన బ్రాకెట్ ఒకటి ఇంకా మూతపడలేదని దాని గోల. పాపం, యంత్రం తప్పేమీ లేదు. ఎక్కడ ముయ్యాలనుకున్నాడో ఆ కుర్రాడి మనసులో ఉంది గానీ ఫైలులో లేదు కదా. కింద ఇంకా నాలుగు ఫంక్షన్లు ఉంటే వాటిని కూడా దీని కడుపులోనివే అనుకుని చదువుకుంటూ పోతుంది.

అప్పుడు వాడేం చేస్తాడు? ఎర్రర్ చివర చూపిస్తోంది కాబట్టి చివరికే వెళ్ళి ఆరో బ్రాకెట్ తగిలిస్తాడు. లెక్క సరిపోతుంది. కానీ సమానమా కాదా అని చూసే పరీక్షలోకి సున్నాతో పాటు ఆ కింది 1, దాని కింది గుణకారం కూడా దూరిపోయాయి. "అయితే" చేతిలో షరతు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇప్పుడు రెండో ఎర్రర్ వస్తుంది, మొదటిదానితో చుట్టరికమే లేనట్టు. ఈలోగా ల్యాబ్ గంట అయిపోతుంది. రికర్షన్ గురించి చెప్పాలని మీరు వేసుకుని వచ్చిన పాఠం మీ దగ్గరే ఉండిపోతుంది.

పార్‌ఎడిట్ లాంటి మోడ్‌లో ఈ గొడవ మొదలే కాదు. తెరిచే బ్రాకెట్ కొడితే మూసేది కూడా దానితో పాటే వచ్చి పడుతుంది, కర్సర్ మధ్యలో నిలబడుతుంది. మూసే బ్రాకెట్ కొడితే కొత్తది పుట్టదు, ఉన్నదాన్ని దాటి కర్సర్ బయటికి వస్తుంది. బ్యాక్‌స్పేస్ కొడితే నిండుగా ఉన్న లిస్ట్ బ్రాకెట్‌ను చెరపదు, పక్కకు జరుగుతుందంతే. లోపల ఏమీ లేకపోతేనే జంటను జంటగా తీసేస్తుంది. వరుస చివరిదాకా కత్తిరించమంటే లిస్ట్ లోపలి సరుకు మాత్రమే కత్తిరించి, మూసే బ్రాకెట్ దగ్గర ఆగుతుంది. వరుస మధ్యలో సెమికోలన్ పెట్టి వ్యాఖ్య మొదలుపెడితే, ఆ వెనకున్న బ్రాకెట్లు వ్యాఖ్యలో కలిసిపోకుండా వాటిని కింది వరుసకు దింపుతుంది. ఈ చివరిది చిన్న విషయమే గానీ, దీన్ని ఆలోచించిన మనిషి చాలాకాలం ఈ భాషలో మునిగి తేలాడని అక్కడ తెలిసిపోతుంది. ఆ మనిషి టేలర్ క్యాంప్‌బెల్. పార్‌ఎడిట్‌ను ఆయన 2005లో మొదలుపెట్టాడు.

అసలు ఇన్ని బ్రాకెట్లు ఎందుకున్నాయో కూడా పిల్లలకు చెప్పండి. చాలామంది చెప్పరు, అదొక జాతకదోషం అన్నట్టు దాటేస్తారు. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్‌కు పునాది వేసినప్పుడు మనుషులు రాసేందుకు వేరే రూపం ఒకటి అనుకున్నాడు, గణితంలో ఫంక్షన్లు రాసే తీరుకు దగ్గరగా ఉండేది. బ్రాకెట్ల రూపం యంత్రం లోపలి డేటాకు అని ఉద్దేశం. ప్రోగ్రామునే డేటాగా చదివి నడిపే "ఎవాల్" ఫంక్షన్‌ను స్టీవ్ రసెల్ ఐబీఎం 704 మీద నిజంగానే ఎక్కించేసరికి బ్రాకెట్ల రూపంలోనే ప్రోగ్రాములు రాయడం మొదలైంది. మెకార్తీ అనుకున్న ఆ వేరే రూపం ఎప్పుడూ పూర్తిగా రాలేదు. రాసేవాళ్ళకు దాని అవసరం తోచలేదు. ఎందుకంటే బ్రాకెట్ల రూపంలో ప్రోగ్రాము ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది. ఏ పని ఏ పని లోపల ఉందో చెప్పడానికి ప్రాధాన్యక్రమాలు, మినహాయింపులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కోడ్ మొత్తం ఒక చెట్టు, బ్రాకెట్ జంట ఒక కొమ్మ.

చెట్టు అని తెలిశాక కొమ్మలు పట్టుకుని పని చెయ్యాలి గదా. ఇటుకలు పేర్చే మేస్త్రి ఇసుక రేణువులు ఏరుతూ కూర్చోడు. మన ల్యాబుల్లో పిల్లల చేత చేయిస్తున్నది రేణువుల పనే.

ఈ బాధ పాతదే. ఇంటర్‌లిస్ప్ అనే పాత రకంలో చదరపు బ్రాకెట్ ఒకటి మూస్తే అప్పటిదాకా తెరుచుకుని ఉన్న మామూలు బ్రాకెట్లన్నీ మూతపడేవి. ఒకరకంగా అది చేతులెత్తెయ్యడమే: ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, నువ్వే చూసుకో అనడం. అయితే అదే ఇంటర్‌లిస్ప్ ఇంకో దారి కూడా పట్టింది. అక్కడ ప్రోగ్రామును ఫైలులోని అక్షరాలుగా దిద్దేవారు కాదు. యంత్రం జ్ఞాపకంలో ఉన్న లిస్ట్‌నే నేరుగా దిద్దేవారు. ఈ ముక్క తీసెయ్, దాని చుట్టూ బ్రాకెట్లు వెయ్, దీన్ని దాని లోపలికి పంపు అని ఆదేశాలు ఉండేవి. తర్వాత దాన్ని అందంగా అచ్చు వేసి ఫైలుగా దాచేది యంత్రం. వ్యాఖ్యలు కూడా లిస్టులే. బ్రాకెట్ తప్పడం అనే మాటే అక్కడ పుట్టదు.

1978లో ఎరిక్ సాండెవాల్ లిస్ప్ పరిసరాల మీద ఏసీఎం కంప్యూటింగ్ సర్వేస్ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఈ రకం ఎడిటింగ్ ప్రస్తావన ఉంది. దానికి జవాబుగా అదే పత్రికలో రిచర్డ్ స్టాల్‌మన్ ఉత్తరం రాసి టెక్స్ట్ ఎడిటర్ పక్షాన వాదించాడు. అప్పటికి ఆయన తయారుచేసిన ఈమ్యాక్స్ పుట్టి రెండేళ్ళే. టెక్స్ట్‌గా ఉంటే వరుసలు ఎలా విరవాలో, వ్యాఖ్య ఎక్కడ పెట్టాలో రాసేవాడి ఇష్టం. కోడ్ దిద్దిన చేత్తోనే ఉత్తరాలు కూడా దిద్దుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద సంగతి, పని మధ్యలో కోడ్ కాసేపు తప్పుగా ఉండే స్వేచ్ఛ ఉంటుంది. మనుషులు ఆలోచించేది తప్పుల మీదుగానే కదా.

మీరు అధ్యాపకులు కాబట్టి ఇంకో ఉదంతం చెప్పాలి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో టిమ్ టైటెల్‌బామ్, థామస్ రెప్స్ కలిసి ప్రోగ్రామ్ సింథసైజర్ అనే ఎడిటర్ తయారుచేశారు. 1981లో దాని గురించి పరిశోధన పత్రం అచ్చయింది. అది చేసింది కొత్త విద్యార్థుల కోసమే. పీఎల్-వన్ నుంచి తీసిన చిన్న బోధన భాషకు అది ఎడిటర్. వాక్యాలు మూసల్లో వస్తాయి, విద్యార్థి ఖాళీలు పూరిస్తాడు. "అయితే" అని ఎంచుకుంటే దాని ఎముకలగూడు మొత్తం తెర మీదికి వస్తుంది, కాబట్టి వ్యాకరణం తప్పే సందు చాలా తక్కువ. లెక్కల ముక్కలను మాత్రం మామూలుగా టైపు చెయ్యనిచ్చారు. ఆ మినహాయింపు ఎందుకిచ్చారో ఊహించడం కష్టం కాదు. రెండు సంఖ్యలు కూడడానికి కూడా మూస ఎంచుకోమంటే పిల్లలు లేచిపోతారు.

అటువంటి ఎడిటర్లు అప్పట్లో ఇంకా కొన్ని వచ్చాయి. రోజువారీ పనిలో అవి నిలవలేదు. నా అభిప్రాయంలో కారణం ఒకటే: ఒక సరైన స్థితి నుంచి ఇంకో సరైన స్థితికి వెళ్ళే దారి చాలాసార్లు తప్పు స్థితి గుండానే పోతుంది. ఆ దారి మూసేస్తే మనిషికి ఊపిరాడదు. పార్‌ఎడిట్ నిలబడిందంటే ఈ రెండు పక్షాల మధ్య రాజీ కుదర్చడం వల్లే. ఫైలు టెక్స్ట్‌గానే ఉంటుంది. పేర్లు, సంఖ్యలు, వ్యాఖ్యలు మీ ఇష్టం వచ్చినట్టు టైపు చేసుకోవచ్చు. కాపలా బ్రాకెట్లకు, కోట్ గుర్తులకు మాత్రమే. కొమ్మలు కదిలించడానికి కొన్ని ఆదేశాలు అదనంగా ఉంటాయి.

ఆ ఆదేశాలు చూడటానికి చాలా ఉన్నా, మొదటి గంటలో నాలుగు చాలు.

కర్సర్ లిస్ట్ లోపల ఉన్నప్పుడు పక్కనున్న ముక్కను లోపలికి లాక్కోవడం స్లర్ప్. (+ 1 2) 3 అనేది (+ 1 2 3) అవుతుంది. దీనికి ఎదురుది బార్ఫ్, చివరి ముక్కను బయటికి నెడుతుంది. ఈమ్యాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని కుడి బాణం కొడితే మొదటిది, ఎడమ బాణం కొడితే రెండోది. చూసేవాడికి మూసే బ్రాకెట్ కుడికీ ఎడమకీ నడుస్తున్నట్టు ఉంటుంది. పిల్లలకు ముందు ఇదే చూపించండి. నవ్వుతారు. ఆ నవ్వులోనే బ్రాకెట్ అంటే ఒక గీత అనీ, గీత జరిపితే ఏది లోపల ఉందో మారుతుందనీ ఎక్కేస్తుంది.

మిగతా రెండూ చుట్టడం, పైకి లేపడం. పనిలో నాకు ఎక్కువ అక్కరకు వచ్చేవి ఇవే. (చూపు మొత్తం) అని ఒక వరుస ఉంది, మొత్తం సున్నా కన్నా ఎక్కువైతేనే చూపించాలి. కర్సర్‌ను ఆ లిస్ట్ ముందు పెట్టి, మెటా (ఆల్ట్) పట్టుకుని తెరిచే బ్రాకెట్ కొడితే దాని చుట్టూ ఇంకో జంట పడుతుంది. లోపల షరతు రాస్తే (అయినప్పుడు (> మొత్తం 0) (చూపు మొత్తం)) తయారు. చివర ఎన్ని మూశామో చూసుకునే పని లేదు. రేపు ఆ షరతు అక్కర్లేదన్నారు. కర్సర్‌ను "చూపు" లిస్ట్ ముందు పెట్టి మెటా ఆర్ కొడితే ఆ కొమ్మ పైకి లేచి తల్లి కొమ్మ స్థానంలో కూర్చుంటుంది, షరతు, దాని బ్రాకెట్లు మాయమవుతాయి. మామూలు ఎడిటర్‌లో ఇదే పని చెయ్యాలంటే ముందు భాగం చెరపాలి, తర్వాత వెనక్కి వెళ్ళి గుంపులో సరైన బ్రాకెట్ ఏదో వెతికి చెరపాలి. గుంపులో అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది చెరిపినా ఒకటే అని తెలియడానికే కొత్తవాడికి కొంతకాలం పడుతుంది.

ఈ ఆదేశాలు వేళ్ళకు పట్టాక ఆలోచన కూడా మారుతుంది. "ఇక్కడ ఒక బ్రాకెట్ కొట్టాలి" అని కాకుండా "ఈ పని ఆ పని లోపలికి వెళ్ళాలి" అని మనసులో అనుకుంటారు. మీరు బోర్డు మీద చెట్టు బొమ్మ గీసి చెప్పేదీ అదే. లిస్ట్ తలను, తోకను విడదీసే ఫంక్షన్లు, రికర్షన్, మాక్రోలు, అన్నీ ఆ చెట్టు మీదే నడుస్తాయి. ఎడిటర్‌లో వేళ్ళు చేసే పనికీ, బోర్డు మీద గీసే బొమ్మకీ పొత్తు కుదిరితే పాఠం సగం చెప్పినట్టే.

ఇక జాగ్రత్తల సంగతి. ఇది చెప్పకుండా మోడ్ ఒక్కటీ ఆన్ చేసి వదిలేస్తే, అసలు పెట్టకపోవడమే మేలు.

కాల్వా స్ట్రిక్ట్ మోడ్‌లోనే మొదలవుతుంది, పార్‌ఎడిట్ స్వభావమే అది. కొత్తవాడు బ్యాక్‌స్పేస్ కొడతాడు, బ్రాకెట్ పోదు. మళ్ళీ కొడతాడు, పోదు. కీబోర్డు పాడైందనుకుంటాడు, లేదా ఈ భాషే మొండిది అనుకుంటాడు. తలుపు వేసినప్పుడు గడియ ఎక్కడుందో కూడా చూపించాలి. ఈమ్యాక్స్‌లో కంట్రోల్ క్యూ కొట్టి ఆపైన బ్రాకెట్ కొడితే ఒంటరి బ్రాకెట్ పడుతుంది. కాల్వాలో ఆల్ట్ పట్టుకుని బ్యాక్‌స్పేస్ కొడితే ఏమీ అడగకుండా చెరుపుతుంది. అన్నిటికన్నా ముందు అన్‌డూ నేర్పండి. కొమ్మ ఎటో పోయిందని కంగారు పడేవాడికి మొదటి మందు అదే.

ఇంకో చిక్కు మీ నోట్స్‌తోనే వస్తుంది. పీడీఎఫ్ నుంచో వర్డ్ ఫైలు నుంచో కోడ్ కాపీ చేసి అతికిస్తే నిలువు కోట్ గుర్తుల బదులు వంకర కోట్ గుర్తులు వచ్చి పడతాయి, ఒక్కోసారి చివరి వరుస ఊడిపోయి ఉంటుంది. బ్రాకెట్లు సరిపోని ఫైలు మీద పార్‌ఎడిట్ ఆన్ అవ్వనంటుంది. అది మంచికే, కానీ ఎందుకు అవ్వనంటోందో తెలియని పిల్లాడికి అదొక శిక్ష. దయచేసి ఉదాహరణలు కోడ్ ఫైళ్ళుగానే ఇవ్వండి.

అసలు ఆదేశాలే నేర్చుకోనక్కర్లేని దారి ఒకటుంది గదా అని మీలో కొందరు అడుగుతారు. ఉంది. షాన్ లెబ్రాన్ 2015లో తెచ్చిన పారిన్ఫర్. అందులో ఇండెంట్ మోడ్ ఉంటుంది: వరుసను ఎంత లోపలికి జరిపితే దాన్ని బట్టి బ్రాకెట్లు వాటంతటవే సర్దుకుంటాయి. పైథాన్ నుంచి వచ్చినవాళ్ళకు హాయిగా ఉంటుంది. దీనికి తిరగేసింది పారెన్ మోడ్, బ్రాకెట్లను బట్టి వరుసలు జరుగుతాయి. ఆలోచన చాలా తెలివైనది. ఈ భాషలు చదివేవాళ్ళు నిజానికి బ్రాకెట్లు చూడరు, వరుసల మెట్లే చూస్తారు అనే సత్యం మీద కట్టింది. ఆటోక్యాడ్ ఆఫీసులో ఒక చిన్న ఫైలు దిద్దుకుని మళ్ళీ డ్రాయింగ్ పనికి పోయేవాడికి నేను ఇదే చూపిస్తాను.

సెమిస్టర్ అంతా సాగే పాఠానికి మాత్రం చూపించను. వరుస పొరపాటున ఒక అంగుళం జరిగితే అర్థం చప్పుడు లేకుండా మారిపోతుంది. కర్సర్ ఉన్న చోట మారితే చూస్తాం, రెండు తెరల కింద మారితే ఎవరు చూస్తారు? పైగా, వేరేవాళ్ళు రాసిన ఫైలు మెట్లు సరిగ్గా లేకపోతే తెరవగానే దాన్ని సర్దేస్తుంది. నలుగురు కలిసి పనిచేసే ప్రాజెక్టులో ఒక పదం మార్చినవాడి డిఫ్‌లో ముప్పై వరుసలు కనిపిస్తాయి, రివ్యూ చేసేవాడు తిట్టుకుంటాడు. పార్‌ఎడిట్‌లో మీరు చెప్పిందే జరుగుతుంది. నేర్చుకునే వయసులో, నేను చెప్పాను కాబట్టి జరిగింది అనే నమ్మకం ముఖ్యం.

బ్రాకెట్లు సరిపోవడం వేరు, ప్రోగ్రాము సరైనది కావడం వేరు అని కూడా మొదటే చెప్పాలి. (+ 1 (* 2 3)) లోపలి జంటను స్ప్లైస్ ఆదేశంతో ఊడదీస్తే (+ 1 * 2 3) మిగులుతుంది. ఎడిటర్‌కు ఏ అభ్యంతరమూ లేదు. గుణకారం గుర్తును సంఖ్యల మధ్య పెట్టి కూడమంటే భాష ఒప్పుకోదు. ఎడిటర్‌కు వ్యాకరణం కూడా తెలియదు, జంటలు మాత్రమే తెలుసు. అందుకే అది ఇంత తేలిగ్గా, ఇన్ని రకాల లిస్ప్‌లలో ఒకే తీరుగా పనిచేస్తుంది. జావా, పైథాన్‌లకు ఈ సుఖం లేదు. అక్కడ కొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలంటే భాష వ్యాకరణమంతా చదివి ఉండాలి. ట్రీ-సిట్టర్ అనే పార్సింగ్ సాధనం వచ్చాక ఆ పని కూడా ఎడిటర్లకు అందుబాటులోకి వచ్చింది, 2023లో వచ్చిన ఈమ్యాక్స్ 29లో అది అంతర్భాగం. వీఎస్ కోడ్‌లో షిఫ్ట్, ఆల్ట్ పట్టుకుని కుడి బాణం కొడుతూ పోతే ఎంపిక పదం నుంచి బ్రాకెట్ లోపలికి, అక్కడి నుంచి దాని బయటికి పెరుగుతూ పోతుంది. ఏ భాష చెప్పేవారైనా దీన్ని చూపించవచ్చు.

"పరీక్ష కాగితం మీదే కదా, అక్కడ పార్‌ఎడిట్ ఎవడిస్తాడు?" ఈ ప్రశ్న నాకు చాలామంది వేశారు, వేసినవాళ్ళంతా అధ్యాపకులే. నిజమే, మన దగ్గర ప్రోగ్రాములు పెన్నుతో రాయిస్తాం. అయితే కాగితం మీద కూడా సాయం చేసేది నిర్మాణమే. ముందు చెట్టు గీయమనండి, తర్వాత మెట్లు మెట్లుగా రాయమనండి. బ్రాకెట్లు చివర్న వాటంతటవే పడతాయి. ఇంత చేశాక ఒక బ్రాకెట్ తగ్గిందని మార్కు కొయ్యకండి. యంత్రం క్షణంలో పట్టే తప్పుకు మనిషికి మార్కులు కోసి, రికర్షన్ ఆగే షరతు మరిచిపోయినవాడికీ వీడికీ ఒకే శిక్ష వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ల్యాబు యంత్రాల్లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరనే మాట కూడా వింటుంటాను. ఈమ్యాక్స్ ఉంటే చాలు, ఏ ప్లగినూ లేకుండానే కంట్రోల్, మెటా కలిపి ఎఫ్ కొడితే ఒక ముక్క ముందుకు, బి కొడితే వెనక్కి, యు కొడితే తల్లి కొమ్మకు, కె కొడితే ముందున్న ముక్క మొత్తం కత్తిరింపు. పార్‌ఎడిట్ ఒకే ఒక్క ఫైలు, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళవచ్చు. డాక్టర్ రాకెట్ వాడుతుంటే, కర్సర్ బ్రాకెట్ పక్కకు రాగానే ఆ లిస్ట్ మొత్తం బూడిద రంగులో వెలుగుతుంది. జంటగా మూసే సదుపాయం కూడా అమరికల్లో ఉంది, ఆన్ చెయ్యాలంతే. ఆటోలిస్ప్ చెప్పేవారు నోట్‌ప్యాడ్ వదిలేయండి. ఆటోక్యాడ్ 2021 నుంచి వీఎస్ కోడ్‌తో పనిచేసేందుకు ఆటోడెస్క్ వారే ఎక్స్‌టెన్షన్ ఇస్తున్నారు.

కీల సంగతి మాత్రం ముందు మీరు కూర్చుని సరిచూసుకోండి. మ్యాక్‌లో కంట్రోల్ బాణం కొడితే స్లర్ప్ జరగడానికి ముందే డెస్క్‌టాప్ మారిపోతుంది. టెర్మినల్‌లో నడిచే ఈమ్యాక్స్‌కు కంట్రోల్‌తో కలిపి కొట్టిన కొన్ని గుర్తులు చేరనే చేరవు. క్లాసు ముందు నిలబడి ఆదేశం పనిచెయ్యకపోతే పిల్లలు దాన్ని ఇంక నమ్మరు.

మీలో చాలామంది ఏళ్ళ తరబడి మామూలు ఎడిటర్‌లోనే ఈ భాషలు రాస్తూ వచ్చారనీ, మీకు ఏ కష్టమూ అనిపించలేదనీ నాకు తెలుసు. మీ కళ్ళు ఆ మెట్లకు అలవాటు పడ్డాయి. ఆ అలవాటు కుదిరేలోపే భాష వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు మీ ముందుకు వచ్చి చెప్పరు గదా.

అందుకని అడుగుతున్నాను. వచ్చే సెమిస్టర్ మొదటి ల్యాబ్‌లో కొత్త ప్రోగ్రాము ఏదీ రాయించకండి. నడుస్తున్న ఒక చిన్న ప్రోగ్రాము ఇచ్చి, స్లర్ప్, బార్ఫ్, చుట్టడం, పైకి లేపడం అనే నాలుగింటితో, ఒక్క బ్రాకెట్ కూడా విడిగా కొట్టకుండా దాని రూపు మార్చమనండి. తప్పించుకునే కీలు బోర్డు మీద రాసి ఉంచండి. మూడో వారంలో, బ్రాకెట్ల గురించి మీ దగ్గరికి వచ్చిన సందేహాలెన్నో, రికర్షన్ గురించి వచ్చినవెన్నో మీరే చూసుకోండి. నా మాట తప్పనిపిస్తే మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోవడానికి మీకు ఖర్చేమీ లేదు.

ఇట్లు,
బ్రాకెట్ల భాషలో పనిచేసుకునే ఒక ప్రోగ్రామర్